సినిమా చివరి మలుపు ముందే ఎలా దొరుకుతుంది?

సంక్షిప్తంగా: ముగింపులో కథను తలకిందులు చేసే సినిమాలు తమ రహస్యాన్ని చాలావరకు తెరమీదే ఉంచుతాయి. ప్రతి ఆనవాలుకూ అప్పటికి నమ్మదగిన మరో కారణాన్ని జతచేయడం వల్ల దాని అసలు అర్థం ప్రేక్షకుడికి తట్టదు. సినిమా నిజంగా చూపించినదేమిటి, ప్రేక్షకుడు తనంతట తాను ఊహించుకున్నదేమిటి అని విడదీసి చూస్తే మలుపు ముందుగా దొరికే అవకాశం పెరుగుతుంది. ఈ వ్యాసంలో కొన్ని ప్రసిద్ధ సినిమాల ముగింపులను బయటపెట్టక తప్పదు కాబట్టి, వాటిని ఇంకా చూడనివారు ఆ సంగతి గమనించి చదవాలి.

కొసమెరుపుతో ముగిసే సినిమా విడుదలైన ప్రతిసారీ ప్రేక్షకులు రెండు వర్గాలుగా చీలిపోతారు. అసలు ఊహించలేదని కొందరంటే, అరగంటలోనే తెలిసిపోయిందని మరికొందరంటారు. ఒకే తెరను ఒకే సమయంలో చూసినవారికి ఇంత తేడా రావడానికి తెలివితేటల కన్నా చూసే పద్ధతే ఎక్కువ కారణం. ఒకరు పాత్రల కష్టసుఖాల వెంట నడుస్తుంటారు. ఇంకొకరు ప్రతి సన్నివేశమూ అక్కడ ఎందుకుందని అడుగుతుంటారు. కథను అల్లేవారు మొదటి రకం ప్రేక్షకుణ్ని ఉద్దేశించి మలుపును రాస్తారు, రెండో రకం ప్రేక్షకుడికి చిక్కకుండా జాగ్రత్తపడతారు. ఆ జాగ్రత్తలే చివరికి ఆనవాళ్లుగా మిగిలిపోతాయి.

రెండు షరతుల మధ్య ఇరుకు

చివరి మలుపు ఉన్న కథ ఒకదానికొకటి పొసగని రెండు షరతులను నెరవేర్చాలి. మొదటిసారి చూసేవారికి రహస్యం తట్టకూడదు. రెండోసారి చూసేటప్పుడు ప్రతి సన్నివేశమూ ఆ రహస్యంతో సరిపోవాలి. రెండో షరతే లేకపోతే రచయిత పని చాలా తేలిక. చివర్లో ఎవరో ఒకరిని దోషిగా ప్రకటిస్తే చాలు. అయితే అలాంటి ముగింపును ప్రేక్షకులు తమను మోసగించినట్టే లెక్కిస్తారు.

ఈ న్యాయసూత్రం సినిమాకన్నా ముందు డిటెక్టివ్ సాహిత్యంలో స్థిరపడింది. డిటెక్టివ్ కథల ఇంగ్లిష్ రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో అపరాధ పరిశోధన కథలకు పది నియమాలు రాశాడు. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారాన్ని వెంటనే పాఠకుడి ముందు కూడా పెట్టాలన్నది వాటిలో ఒకటి. కవలలను గానీ అచ్చం ఒకేలా ఉండే మనుషులను గానీ కథలోకి తేవాలంటే పాఠకుణ్ని అందుకు ముందుగా సిద్ధం చేసి ఉండాలన్నది మరొకటి. సినిమా రచయితలు ఈ జాబితాను పక్కన పెట్టుకుని రాయకపోవచ్చు, కానీ ముందుగా సిద్ధం చేయాలన్న ఒత్తిడి వారి మీదా ఉంటుంది.

2006లో వచ్చిన ‘ది ప్రెస్టీజ్’లో ఆ సిద్ధం చేయడం ఎలా జరుగుతుందో చూడవచ్చు. ఇంద్రజాలికుడు బోర్డెన్ ఒక పిట్టను పంజరంతో సహా మాయం చేసి, మళ్లీ తెచ్చి చూపిస్తాడు. ప్రేక్షకుల్లో ఉన్న చిన్న పిల్లవాడు ఏడుపు ఆపకుండా, దీని సోదరుడు ఎక్కడని అడుగుతాడు. ఒక పిట్ట చచ్చిందని, కనబడుతున్నది రెండోదని ఆ పిల్లవాడికి అర్థమైంది. బోర్డెన్ జీవితమంతా ఇద్దరు కవలలు ఒకే మనిషిగా బతకడం మీద నడిచిందన్న చివరి రహస్యం ఈ చిన్న సన్నివేశంలో పూర్తిగా ఉంది. అయినా ప్రేక్షకుడి దృష్టి దానిమీద నిలవదు, ఎందుకంటే బోర్డెన్‌కు కాబోయే భార్యతో పరిచయం కలిగించే పని కూడా ఆ సన్నివేశానిదే. ఆ పని పూర్తవగానే దాని అవసరం తీరిపోయిందని మనసు భావిస్తుంది.

ఆనవాలుకు మరో పని అప్పగించడం

దాచే పద్ధతులన్నింటిలో ఇదే కీలకమైనది కాబట్టి దీన్ని కొంచెం దగ్గరగా చూడాలి. ఎం. నైట్ శ్యామలన్ దర్శకత్వంలో 1999లో వచ్చిన ‘ది సిక్స్త్ సెన్స్’లో, పిల్లల మానసిక వైద్యుడు మాల్కం తన ఇంట్లోనే ఒక పాత రోగి కాల్పులకు గురవుతాడు. కథ అక్కడినుంచి కొన్ని నెలలు ముందుకు దూకుతుంది. అప్పటికి అతడు కోల్ అనే బాలుడికి వైద్యం చేసే ప్రయత్నంలో ఉంటాడు. ఆ బాలుడికి చనిపోయినవారు కనిపిస్తుంటారు. మాల్కం కూడా ఆ చనిపోయినవారిలో ఒకడేనన్నది ముగింపు.

సినిమా మధ్యలో ఒక రెస్టారెంట్ సన్నివేశం వస్తుంది. పెళ్లిరోజున మాల్కం భార్య ఒంటరిగా కూర్చుని ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన మాల్కం ఆమె ఎదురుగా కూర్చుని, ఆలస్యానికి సంజాయిషీ ఇచ్చుకుంటూ, తన దగ్గరకు వచ్చిన బాలుడి గురించి చెప్పుకుంటూ పోతాడు. ఆమె బదులివ్వదు. బిల్లు రాగానే అతడు చేయి చాపేలోగా ఆమే అందుకుని సంతకం చేస్తుంది. పెళ్లిరోజు శుభాకాంక్షలు చెప్పి లేచి వెళ్లిపోతుంది.

మొదటిసారి చూసేవారికి ఇది అలిగిన భార్య కథ. అలా అనిపించడానికి కావలసిన ఏర్పాటు సినిమా ప్రారంభంలోనే జరిగింది: వృత్తి కోసం అతడు అన్నింటినీ, చివరికి తనను కూడా వెనక్కి నెట్టాడని ఆమె అక్కడ అంటుంది. ఆ మాట విన్న ప్రేక్షకుడికి ఆమె మౌనం సహజంగా తోస్తుంది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టే ఆమె బదులివ్వలేదన్న రెండో అర్థానికి చోటు మిగలదు. కనబడిన విషయం ఒక్కటే, దానికి సరిపోయే వివరణలు రెండు. వాటిలో తేలికైన వివరణను ముందే చేతికందించి, రెండోదాని అవసరమే రాకుండా చేశారు.

అయితే ఈ ఏర్పాటుకు ఒక బలహీనత ఉంది. భార్య బదులివ్వకపోవడానికి అలక కారణం. కోల్ తల్లి మాల్కంతో ఒక్క మాటైనా మాట్లాడినట్టు చూపించకపోవడానికి, వాళ్లిద్దరి సంభాషణ అప్పుడే ముగిసిందన్న మన ఊహ కారణం. మిగతావారు పలకరించకపోవడానికి ఆ సన్నివేశాల్లో వారికి వేరే పని ఉండటం కారణం. ఇలా విడివిడిగా ప్రతి కారణమూ సరిపోతుంది, కానీ వరుసగా పెట్టి చూస్తే ఒకే రకమైన లోటుకు ప్రతిచోటా కొత్త సాకు కావలసి వస్తోంది. ఆనవాళ్లను పట్టుకునే నేర్పులో అత్యంత నమ్మదగిన సూత్రం బహుశా ఇదే: ఒకే రకం వింత మూడు నాలుగు సన్నివేశాల్లో కనిపించి, ప్రతిసారీ వేరే వివరణ అడుగుతున్నప్పుడు, అన్నింటికీ కలిపి ఒక్కటే సరిపోయే వివరణ ఏదైనా ఉందా అని ఆలోచించాలి.

ఈ సినిమాలో ఎరుపు రంగు గురించి కూడా చాలా చర్చ జరిగింది. మరణానికి సంబంధించిన చోట్ల ఆ రంగు వస్తుందన్నది నిజమే. కానీ ముగింపు తెలియనివారికి ఎరుపు ఏమీ చెప్పదు. రంగులు, అద్దాలు, నీడలు ఒక అర్థాన్ని బలపరుస్తాయే తప్ప కొత్త సమాచారం ఇవ్వవు. వాటి ఆధారంగా ముందే పట్టుకున్నామనే మాటలను కొంత జాగ్రత్తగానే తీసుకోవాలి.

నిజం చెప్పి, తప్పు ప్రశ్నతో కప్పేయడం

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1960లో తీసిన ‘సైకో’ మరింత సాహసం చేస్తుంది. మోటెల్ నడిపే నార్మన్ బేట్స్, కొండమీది ఇంట్లో ఉండే అతడి తల్లి ఈ కథకు కేంద్రం. తల్లి అరుపులు వినిపిస్తాయి, కిటికీలో ఆమె ఆకారం కనిపిస్తుంది, మరణాలు జరుగుతాయి. ఎప్పుడో చనిపోయిన తల్లిగా నార్మనే మాట్లాడుతూ హత్యలు చేస్తున్నాడన్నది ముగింపు. ముగింపుకు ఇంకా చాలా సమయం ఉండగానే ఆ ఊరి పోలీసు అధికారి అయిన షెరీఫ్ అసలు నిజాన్ని నేరుగా చెప్పేస్తాడు: నార్మన్ తల్లి చనిపోయి పదేళ్లయింది.

ఆ మాట దగ్గరే సన్నివేశం ఆగి ఉంటే మలుపు అక్కడికక్కడే బయటపడేది. కానీ షెరీఫ్ వెంటనే ఇంకో ప్రశ్న వేస్తాడు: ఆ ఇంట్లో ఉన్నది నార్మన్ తల్లే అయితే, శ్మశానంలో పాతిపెట్టినది ఎవరిని? ఈ ప్రశ్నతో ప్రేక్షకుడి ఆలోచన మొత్తం సమాధి వైపు మళ్లుతుంది. ఇంట్లో ఉన్నది ఎవరన్న సరైన ప్రశ్న నోటిదాకా రాకముందే తప్పు ప్రశ్న దాని చోటును ఆక్రమించింది. కాబట్టి ఏదైనా పాత్ర ఒక ఆశ్చర్యకరమైన వాస్తవం చెప్పి, ఆ వెంటనే దానిమీద ఒక ప్రశ్న కూడా తనే వేస్తే, ప్రశ్నను పక్కన పెట్టి వాస్తవాన్ని మాత్రమే పట్టుకోవడం మంచిది.

ఇదే సినిమాలో మెట్ల సన్నివేశం రెండో పాఠం చెబుతుంది. నార్మన్ తల్లిని ఎత్తుకుని కింది నేలమాళిగకు తీసుకెళ్లాలి, ఆమె ముఖం మాత్రం కనబడకూడదు. అతడు మెట్లెక్కి గదిలోకి వెళ్తుండగా కెమెరా ఎక్కడా ఆగకుండా పైకి లేచి కప్పు దగ్గరికి చేరుతుంది. తల్లీకొడుకుల వాగ్వాదం వినిపిస్తుంటుంది. అతడు ఆమెను ఎత్తుకుని బయటికి వచ్చేసరికి మనం నిట్టనిలువునా పైనుంచి చూస్తుంటాం. ఒక్కసారిగా పైకోణానికి కట్ చేస్తే ప్రేక్షకులకు అనుమానం వస్తుందని, అందుకే షాట్‌ను కొనసాగించి, సంభాషణతో వారి ధ్యాస మళ్లించానని హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడు ఫ్రాంస్వా ట్రూఫోతో జరిపిన సంభాషణల్లో వివరించాడు. ఇంత శ్రమ పడాల్సి రావడంలోనే ఆనవాలు ఉంది. ముఖ్యమైన పాత్ర ముఖాన్ని చూపించడం సినిమాలో మామూలు. ఆ మామూలు పని ఒకే పాత్ర విషయంలో పదేపదే జరగనప్పుడు, కోణం ఎంత అందంగా ఉన్నా దానికి అందం కాక వేరే కారణం ఉండవచ్చు.

ఒక్కరి మాటే ఆధారమైనప్పుడు

మాటల్లో విన్నదాన్ని అనుమానించేవారు కూడా తెరమీద చూసినదాన్ని నమ్ముతారు. ఫ్లాష్‌బ్యాక్ బలమంతా అక్కడే ఉంది. 1995లో వచ్చిన ‘ది యూజువల్ సస్పెక్ట్స్’లో సినిమాలో ఎక్కువ భాగం వెర్బల్ కింట్ అనే నేరస్థుడు ఒక కస్టమ్స్ అధికారి ముందు ఇచ్చే వాంగ్మూలమే. ఆ వాంగ్మూలంలోని పేర్లు, వివరాలు ఎన్నో ఆ గదిలోని నోటీసు బోర్డు మీద నుంచి, అధికారి చేతిలోని కప్పు అడుగు నుంచి పుట్టినవని చివర్లో తేలుతుంది. ఇక్కడ ఆనవాలు కోసం ఏ వస్తువునూ వెతకనక్కర్లేదు. మనకు ఈ సంగతి ఎవరు చెప్పారు, వేరే ఎవరైనా దాన్ని ధ్రువీకరించారా అని అడిగితే చాలు.

2012 నాటి హిందీ సినిమా ‘కహానీ’ కూడా ఇదే పునాది మీద నిలబడింది. నిండు గర్భిణిగా కనిపించే విద్య తప్పిపోయిన భర్త ఆర్ణబ్‌ను వెతుక్కుంటూ లండన్ నుంచి కోల్‌కతా వస్తుంది. అతడు పనిచేశాడని ఆమె చెప్పిన ఆఫీసులో ఆ పేరుతో రికార్డు లేదు. అతడు బస చేశాడని ఆమె చెప్పిన గెస్ట్‌హౌస్‌లోనూ ఆధారం దొరకదు. అంటే ఆర్ణబ్ అనే మనిషి ఉన్నాడనడానికి ఆమె మాట, ఆమె దగ్గరున్న ఫోటో తప్ప సినిమాలో ఇంకేమీ లేదు. రికార్డులు దొరకకపోవడాన్ని ప్రేక్షకుడు ఎవరో చేసిన కుట్రగా అర్థం చేసుకుంటాడు, ఎందుకంటే గర్భిణి అయిన స్త్రీ భర్త కోసం అబద్ధం చెబుతోందని అనుకోవడానికి మనసు ఒప్పుకోదు. ఆమె గర్భమూ నిజం కాదని చివర తెలిసినప్పుడు, ఏ సానుభూతి ఆ అనుమానాన్ని అడ్డుకుందో అదే ఆమె ఆయుధమని అర్థమవుతుంది. ఈ సినిమా మలుపు అంత బలంగా తగలడానికి కారణం కూడా ఇదే. ఒక పాత్రను అనుమానించడం తప్పని మనకు అనిపించేలా సినిమా గట్టిగా పనిచేస్తున్నప్పుడు, ఆ పాత్ర చెప్పినవాటిలో స్వతంత్రంగా రుజువైనవి ఎన్ని అని ఒకసారి లెక్క చూసుకోవాలి.

ఒక్కరి మాట మీద నడిచే మలుపులన్నీ న్యాయమైనవి కావు. హిచ్‌కాక్ 1950లో తీసిన ‘స్టేజ్ ఫ్రైట్’ ఆరంభంలో చూపించిన ఫ్లాష్‌బ్యాక్ అబద్ధమని చివర్లో తేలినప్పుడు విమర్శలు వచ్చాయి. అలా చేయకుండా ఉండాల్సిందని దర్శకుడే తర్వాత ఒప్పుకున్నాడు. అదే పనిని ‘ది యూజువల్ సస్పెక్ట్స్’ చేసినప్పుడు మెప్పు లభించింది, ఉత్తమ స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ కూడా వచ్చింది. కాలం మారడం ఒక కారణమైతే, రెండో సినిమా మాటిమాటికీ విచారణ గదిలోకి తిరిగి వచ్చి, ఇది ఒక నిందితుడు చెబుతున్న కథ అని గుర్తుచేస్తూ ఉండటం మరో కారణం. ప్రేక్షకుడు మోసపోయినా, అనుమానించే అవకాశం అతడికి ప్రతి పది నిమిషాలకూ దొరికింది.

రెండు షాట్ల మధ్య మనం పూరించేది

ఎడిటింగ్ ద్వారా దాచే పద్ధతికి 1991 నాటి ‘ది సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్’ మంచి ఉదాహరణ. ఒకవైపు అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ బృందం ఒక ఇంటిని చుట్టుముట్టి గంట కొడుతుంది. మరోవైపు ఇంటి లోపల హంతకుడు గంట విని తలుపు వైపు నడుస్తాడు. తలుపు తెరుచుకుంటే బయట ఒంటరిగా ఉన్నది ఎఫ్‌బీఐలో శిక్షణ పొందుతున్న కథానాయిక క్లారిస్. బృందం చుట్టుముట్టినది వేరే ఊళ్లోని ఖాళీ ఇంటిని. రెండు చోట్ల జరిగేవాటిని మార్చి మార్చి చూపిస్తే అవి ఒకే చోటివని మనం అనుకుంటాం; సినిమా ఆ మాట ఎక్కడా చెప్పదు. ఒకే ఫ్రేములో ఎవరెవరు కలిసి కనిపించారు, ఎవరెవరిని కేవలం కట్‌ల ద్వారా కలిపారు అన్న తేడా మలుపుల సినిమాల్లో చాలా విలువైనది.

కళ్లెదుట ఉన్నా కనిపించకపోవడం

ఇంత స్పష్టంగా ఉన్నవి కూడా ఎందుకు తప్పించుకుంటాయన్న ప్రశ్నకు మనస్తత్వ శాస్త్రంలో సమాధానం ఉంది. డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ ఛాబ్రిస్ 1999లో ప్రచురించిన ప్రసిద్ధ ప్రయోగంలో, వీడియోలో ఆటగాళ్లు బంతిని ఎన్నిసార్లు అందించుకున్నారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషంలో ఒక మనిషి నడిచి వెళ్లినా, చూసినవారిలో దాదాపు సగం మంది గమనించలేదు. లెక్కపెట్టే పని వారి దృష్టి మొత్తాన్నీ తీసేసుకుంది.

సినిమా కూడా ప్రేక్షకుడికి ఇలాంటి పనే అప్పగిస్తుంది: ఈ బాలుడు బతుకుతాడా, ఆ డబ్బు ఎవరి దగ్గరుంది, హంతకుడు ఎవరు? ఆ పనిలో ఉండగా పక్కనుంచి వెళ్లిన సమాచారం నమోదు కాదు. అందుకే అనుభవమున్న రచయితలు కీలకమైన ఆనవాలును నవ్వు పుట్టే చోటో, గొడవ జరుగుతున్న చోటో, భయం తగ్గి ఊపిరి పీల్చుకునే క్షణంలోనో పెడతారు. గమనించాలనుకునేవారు తమ భావోద్వేగం ఎక్కువైన ఘట్టాల చుట్టుపక్కల వచ్చిన మామూలు మాటలను గుర్తుపెట్టుకోవడం లాభిస్తుంది. 1999లోనే వచ్చిన ‘ఫైట్ క్లబ్’లో, కథానాయకుడి ఊహలో మాత్రమే ఉన్నాడని చివర్లో తేలే టైలర్ అనే పాత్ర కథలోకి రాకముందే అక్కడక్కడా ఒక్కో ఫ్రేము మాత్రం మెరిసి మాయమవుతుంది. సెకనుకు 24 ఫ్రేములు నడిచే తెరమీద దాన్ని చూసి మలుపును ఊహించమని ఎవరూ ఆశించరు. అది తిరిగి చూసేవారి కోసం పెట్టినది.

తెర బయటి నుంచి వచ్చే సూచనలు

కథతో సంబంధం లేని ఆనవాళ్లు కూడా ఉన్నాయి, నిజానికి ఎక్కువ మంది వీటి ద్వారానే ఊహిస్తారు. పేరున్న నటుడు రెండు సన్నివేశాల చిన్న పాత్రలో కనిపిస్తే అతడికి చివర్లో పని ఉందని అర్థం. నిడివిలో ఇంకా అరగంట మిగిలి ఉండగానే నేరస్థుడు దొరికితే అతడు అసలు నేరస్థుడు కాకపోవచ్చు. వీటిని కథా నైపుణ్యంతో దాచడం కష్టం.

అన్నింటికన్నా పెద్ద సూచన మాత్రం మలుపు ఉందన్న వార్తే. 1955 నాటి ఫ్రెంచి సినిమా ‘లే డయాబొలిక్’ చివర్లో, చూసినది మిత్రులకు చెప్పవద్దని ప్రేక్షకులను కోరుతూ ఒక ప్రకటన వేశారు. ‘సైకో’ విడుదలైనప్పుడు సినిమా మొదలయ్యాక ఎవరినీ హాల్లోకి రానివ్వలేదు. ఇలాంటి ప్రచారం రహస్యాన్ని కాపాడుతుంది, అదే సమయంలో రహస్యం ఉందని చాటుతుంది. శ్యామలన్ తర్వాతి సినిమాలకు ప్రేక్షకులు మొదటి నిమిషం నుంచే మలుపు కోసం కాచుకుని కూర్చోవడానికి ‘ది సిక్స్త్ సెన్స్’ విజయమే కారణం. అనుమానంతో కూర్చున్న ప్రేక్షకుడికి తేలికైన వివరణ అందించడం అంత సులువుగా పనిచేయదు.

ముందే తెలుసన్న నమ్మకం ఎంతవరకు నిజం

ముగింపు తెలిశాక, అది ముందునుంచీ స్పష్టంగానే ఉందనిపించడం మనుషులందరికీ ఉన్న లక్షణం. ఫలితం తెలిసినవారు, తెలియకపోయినా తాము దాన్నే ఊహించేవాళ్లమని ఎక్కువగా అంచనా వేసుకుంటారని మనస్తత్వ శాస్త్రవేత్త బరూక్ ఫిష్‌హాఫ్ 1975లోనే చూపించాడు. కథల్లోని ఆశ్చర్యాన్ని అధ్యయనం చేసిన వెరా టోబిన్ 2018లో ప్రచురించిన పుస్తకంలో, మంచి మలుపులు ఈ బలహీనత మీదే ఆధారపడతాయని వాదించింది: ఒకసారి తెలిసినదాన్ని తెలియనట్టు ఊహించుకోలేం కాబట్టే, ముగింపు తప్పనిసరిగా అలాగే జరగాల్సిందన్న తృప్తి కలుగుతుంది.

అందువల్ల నిజంగా పట్టుకోవడం అంటే ఏమిటో కొంచెం కచ్చితంగా నిర్ణయించుకోవాలి. సినిమా సగంలో ముగ్గురిని అనుమానించి, చివరికి వారిలో ఒకరు దోషిగా తేలితే అది పట్టుకోవడం కాదు. ఒక్క వివరణను ఎంచుకుని, దానికి ఆధారమైన సన్నివేశాన్ని చూపించి, ఆ వివరణ నిజమైతే ఇకమీదట ఏది జరగకూడదో కూడా చెప్పగలిగితే అది ఊహ స్థాయి దాటినట్టే. మాల్కం చనిపోయాడని అనుకున్నవారు, ఇకపై కోల్ తప్ప ఎవరూ అతడితో మాట్లాడకూడదని కూడా అనుకోవాలి; ఎవరైనా మాట్లాడితే ఆ వివరణను వదిలేయాలి.

ముందే దొరికితే సినిమా పాడవుతుందా

ఈ విషయంలో పరిశోధనల ఫలితాలు ఒక దారిలో లేవు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌డియాగోకు చెందిన జొనాథన్ లెవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ 2011లో చిన్న కథలతో చేసిన అధ్యయనంలో, ముగింపు ముందే తెలిసిన పాఠకులు కథలను సగటున కొంచెం ఎక్కువగానే ఇష్టపడ్డారు. బెంజమిన్ జాన్సన్, జూడిత్ రోసెన్‌బామ్ 2015లో ప్రచురించిన అధ్యయనంలో దీనికి విరుద్ధంగా, ముగింపు తెలియని కథలే ఎక్కువ కదిలించాయని తేలింది. పైగా ముగింపును ఎవరో చెప్పేయడం వేరు, ఆనవాళ్ల ద్వారా స్వయంగా చేరుకోవడం వేరు. మొదటిదానికి వచ్చిన ఫలితాలను రెండోదానికి నేరుగా అన్వయించడం సరికాదు.

తేడా ఎక్కువగా సినిమా తీరును బట్టి ఉంటుంది. కేవలం ఒక పేరును చివరిదాకా దాచే హత్యా రహస్యంలో ఆ పేరు తెలిసిపోతే మిగిలేది తక్కువ. హిచ్‌కాక్ తరచూ చెప్పిన బాంబు ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది: బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలియకపోతే పేలినప్పుడు పదిహేను సెకన్ల ఆశ్చర్యం, ముందే తెలిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ. విద్య చెప్పేదంతా అబద్ధమని మధ్యలోనే గ్రహించిన ప్రేక్షకుడికి చివరి దెబ్బ అంత బలంగా తగలదు. దానికి బదులు, ఆమెకు సహాయపడుతున్న పోలీసు అధికారి రానా ఆమెను ఎంతగా నమ్ముతున్నాడో, ఆ నమ్మకాన్ని ఆమె ఎలా వాడుకుంటోందో, ఆమె ఎప్పుడు పట్టుబడుతుందో అన్న ఉత్కంఠ ప్రతి సన్నివేశంలోనూ చేరుతుంది.